‘ఇంటి నుంచి’ అని రాసిన పద్దు

(విజయనగరంలో కిరాణా వర్తకుల కుటుంబాలు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసింది.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పేది మీ నాన్నలకంటే మీకే ఎక్కువ పనికొస్తుంది.

నన్ను పిలవడానికి వచ్చినవాళ్ళు, "మాస్టారూ, పెద్ద కంపెనీల మార్టులు వచ్చాయి, ఫోన్లో నొక్కితే సరుకు ఇంటికొస్తోంది, మన కొట్లు ఎలా నిలబడాలో చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్ళు కామర్స్ చెప్పినవాణ్ణి, దాని గురించి మాట్లాడమంటే మాట్లాడగలను. కానీ గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా నాకు దగ్గరగా తెలిసిన పాత కొట్లు కొన్ని మూతపడ్డాయి. వాటిలో మార్టు దెబ్బకి పోయినవి తక్కువ. అన్నదమ్ముల మధ్య మాటలు పోయి పోయినవే ఎక్కువ. అందుకని ఇవాళ ఒక కుటుంబం కథ చెబుతాను. ఆ కుటుంబం మనది కాదు, అమెరికాది. వినండి, మనకి ఎంత దగ్గరగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో లోవెల్ అని ఒక ఊరుంది. మెర్రిమాక్ నది ఒడ్డున, బట్టల మిల్లుల కోసమే పుట్టిన ఊరు. మనకి చంపావతి ఒడ్డున నెల్లిమర్ల జూట్ మిల్లు ఉంది కదా, అలాంటి మిల్లులు అక్కడ వరసగా ఉండేవి. పొట్ట చేత పట్టుకుని గ్రీసు దేశం నుంచి వచ్చిన జనం ఆ మిల్లుల్లో పనికి కుదిరి, ఏకర్ అని పిలిచే పేటలో కాపురాలు పెట్టారు. ఆ పేటలో 1917లో అథనాసియోస్ డెమూలస్, ఆయన భార్య ఎఫ్రోసిని కలిసి ఒక చిన్న కిరాణా కొట్టు తెరిచారు. తమ గ్రీకు జనం తినే గొర్రె మాంసం, సరుకులు అమ్మేవారు.

దానికి ముందు ఏడాదే, 1916లో, మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని ఒక దుకాణం పెట్టాడు. కొనేవాడే లోపలికి వెళ్ళి బుట్టలో సరుకు వేసుకుని, బయటికి వచ్చే దగ్గర డబ్బు కట్టడం అనే పద్ధతికి అక్కడే పేరొచ్చింది. ఇవాళ్టి సూపర్ మార్కెట్లకి అది మూలం. డెమూలస్ వాళ్ళది మాత్రం మన కొట్టు లాంటిదే. లోపల యజమాని, ఎదురుగా ఖాతా మనిషి.

1929 తర్వాత అక్కడ మహా మాంద్యం వచ్చింది. పనులు పోయాయి. ఆ భార్యాభర్తలు పేటలో వాళ్ళకి అప్పు మీద సరుకు ఇచ్చారు. ఆ బరువు వాళ్ళ కొట్టు మీదా పడింది, అయినా నిలబడ్డారు. ఇది చదివినప్పుడు నాకు మా తాతగారి కొట్టు కళ్ళ ముందు కనపడింది. నెల్లిమర్ల మిల్లులో పనిచేసేవాళ్ళు మాకు ఖాతాలు. బట్వాడా రోజు సాయంత్రం వచ్చి బాకీ కట్టేవారు. మిల్లు ఆగిందంటే ఆవర్జాలో పద్దులు పెరిగిపోయేవి. చోళ్ళు, ఉలవలు, బెల్లం, చింతపండు, కిరసనాయిలు. మా మామ్మ పొట్లం కట్టాక ఒక గుప్పెడు కొసరు వేసేది. మాంద్యం రోజుల్లో లోవెల్‌లో ఎఫ్రోసిని ఏం చేసి ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, ముందుకు వెళ్దాం. 1954లో ఆ ముసలాయన కొట్టుని ఇద్దరు కొడుకులకి అమ్మాడు. ఊరికే ఇవ్వలేదు, పదిహేను వేల డాలర్లకి అమ్మాడు. పెద్ద విషయం ఇది. తండ్రీ కొడుకుల మధ్య కూడా ఒక ధర, ఒక కాగితం ఉన్నాయి. కొడుకుల పేర్లు టెలెమాకస్, జార్జ్. ఇద్దరూ కలిసి పదిహేనేళ్ళలో దాన్ని పదిహేను సూపర్ మార్కెట్ల గొలుసు చేశారు. తర్వాత తర్వాత దానికే మార్కెట్ బాస్కెట్ అన్న పేరు స్థిరపడింది. 1963లోనే పనివాళ్ళకి లాభాల్లో వాటా పెట్టారు. షెల్ఫులు సర్దే కుర్రాడు మేనేజరు దాకా ఎదిగే పద్ధతి పెట్టారు. ఇద్దరన్నదమ్ములు ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. ఎవరు ముందు పోయినా, ఉన్నవాడు పోయినవాడి భార్యాబిడ్డల్ని చూసుకోవాలి అని.

1971లో జార్జ్ గ్రీసుకి వెళ్ళి, అక్కడ గుండెపోటుతో పోయాడు.

ఇక్కడ ఆ కథ కాసేపు ఆపుతాను. మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పొచ్చా అని మా చిన్నాన్న గారి అబ్బాయిని అడిగే వచ్చాను.

మా నాన్నగారిది గంటస్తంభం దగ్గర కొట్టు. మా చిన్నాన్న ఇంట్లో అందరికంటే చురుకైనవాడు. తెల్లవారకుండా సాలూరు బస్సెక్కి, ఏజెన్సీ నుంచి దిగిన చింతపండు చూసి బేరమాడి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. పండగ ముందు అనకాపల్లి వెళ్ళి బెల్లం దిమ్మలు ఎంచుకుని వచ్చేవాడు. నేను హైస్కూల్లో ఉండగా ఆయన స్టేషన్ దారిలో రెండో కొట్టు పెట్టాడు. షాపు అద్దె కాగితం మా నాన్న పేరున. లైసెన్స్ నాన్న పేరున. బ్యాంకు ఖాతా నాన్న పేరున. "అన్నయ్య పేరునుంటే ఏంటి, నా పేరునుంటే ఏంటి" అనేవాడు చిన్నాన్న. ఆ మాట వింటే మాకు గర్వంగా ఉండేది. ఊళ్ళో కూడా రామలక్ష్మణులు అనేవారు.

చిన్నాన్న కామెర్లు వచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. పిన్నికి అప్పటికి ముప్పై నిండలేదు, ఇద్దరు పిల్లలు. పదో రోజున మా నాన్న అందరి ముందూ, "మరదలికీ పిల్లలకీ ఏ లోటూ రానివ్వను" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. నెల నెలా సామాను వెళ్ళేది. స్కూలు ఫీజులు కట్టారు. సంక్రాంతికి మాకేం బట్టలు తీస్తే వాళ్ళకీ అవే. నేను ప్రమాణం చేసి చెబుతాను, మా నాన్న ఒక్క రూపాయి దాచుకున్న మనిషి కాదు.

ఏళ్ళు గడిచాయి. మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, డిగ్రీ అయ్యాక ఒకరోజు వచ్చి నెమ్మదిగానే అడిగాడు. "పెదనాన్నా, స్టేషన్ దారి కొట్టులో మా నాన్న వాటా ఎంత?" మా నాన్న ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. "నన్ను లెక్క అడుగుతావురా?" అన్నారు. అంతే, ఆ రోజు అన్నం తినలేదు.

తర్వాత మూడు రాత్రులు పాత చిట్టాలు ముందేసుకుని కూర్చున్నాం, ఆయనా నేనూ. రెండో కొట్టుకి మొదట పెట్టిన సరుకు సొమ్ము ఎక్కడిదో వెతికాం. దొరికింది. "ఇంటి నుంచి, ఆరు వేలు" అని మా నాన్న చేతిరాతతో ఉంది. ఏ ఇంటి నుంచి? పిన్ని చెప్పేదేంటంటే, అవి తన గాజులు తాకట్టు పెట్టిన డబ్బులు. మా అమ్మ చెప్పేదేంటంటే, అవి చీటీ పాడిన డబ్బులు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. కొంత ఇది, కొంత అది అయ్యుండొచ్చు. చెప్పగలిగిన ఒక్క మనిషి లేడు. రాసిన మా నాన్నకీ గుర్తు లేదు. ఆయన రాసేటప్పుడు ఇల్లు ఒకటే కదా, ఏ ఇల్లు అని రాయాల్సిన అవసరం ఆయనకి తోచలేదు.

స్టేషన్ దారి కొట్టు ఆ తగువులో మూతపడింది. చిన్నాన్న కూతురి పెళ్ళికి మమ్మల్ని పిలవలేదు. మా నాన్న పోయిన రోజున మా తమ్ముడు వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. మిల్లు ఆగినా తట్టుకున్న కొట్టు అది.

మళ్ళీ లోవెల్‌కి వెళ్దాం. జార్జ్ పోయాక టెలెమాకస్ వ్యాపారం చూసుకున్నాడు. జార్జ్ కుటుంబానికి డబ్బులు అందుతూనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళకి, 1990లో, జార్జ్ కుటుంబం కోర్టుకెక్కింది. చూసుకుంటే, సగం ఉండాల్సిన వాళ్ళ వాటా ఎనిమిది శాతానికి వచ్చేసింది. ఏవేవో కాగితాల మీద సంతకాలు పెట్టించి షేర్లు మార్చేశారు అన్నది వాళ్ళ ఆరోపణ. 1994లో కోర్టు వాళ్ళ వైపే తీర్పు ఇచ్చింది. చివరికి 50.5 శాతం జార్జ్ కుటుంబానికి, 49.5 శాతం టెలెమాకస్ కుటుంబానికి పంచారు. దాని మీద ఇరవై కోట్ల డాలర్లకు పైగా సొమ్ము కూడా టెలెమాకస్ వైపు నుంచి కట్టాల్సి వచ్చింది.

టెలెమాకస్ విషయంలో కోర్టు తప్పు తేల్చింది. మా నాన్న విషయంలో తప్పు లేదు. అయినా రెండు ఇళ్ళూ ఒక్క చోటికే వచ్చాయి. నన్ను బాగా ఆలోచింపజేసింది అదే. మోసం ఉంటేనే ఇల్లు విడిపోతుందని మనం అనుకుంటాం. లెక్క లేకపోతే చాలు, మోసం అక్కర్లేదు.

ఇంకో సంగతి. మన ఇళ్ళల్లో లాగే వాళ్ళ ఇంట్లోనూ తాత పేరు ఇద్దరు మనవలకీ పెట్టుకున్నారు. అథనాసియోస్‌ని అక్కడ ఆర్థర్ అనేవారు. టెలెమాకస్ కొడుకు ఆర్థర్ టీ., జార్జ్ కొడుకు ఆర్థర్ ఎస్. ఒకే పేరున్న ఇద్దరు మనవలు తాత కొట్టు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2008లో ఆర్థర్ టీ. కంపెనీకి పెద్ద అయ్యాడు. ఆయన కాలంలో దుకాణాలు పెరిగాయి, ధరలు తక్కువగానే ఉన్నాయి. 2014 ఏడాది పొడవునా బిల్లు మీద నాలుగు శాతం తగ్గింపు ఇచ్చాడు. అయితే సగానికి పైగా వాటా ఎదటి కుటుంబానిది. బోర్డులో వాళ్ళ బలం కుదరగానే, 2014 జూన్‌లో ఆయన్ని తీసేశారు.

ఆ వేసవిలో నేను అక్కడే ఉన్నాను. మా అమ్మాయి పురిటికి నేనూ మా ఆవిడా వెళ్ళాం, లోవెల్‌కి పక్క ఊరే. అక్కడ మన తెలుగువాళ్ళు కూడా ఆ కొట్టుకే వెళతారు, చవక కాబట్టి. జులైలో ఒకరోజు కూరగాయలకని వెళితే బల్లలన్నీ ఖాళీ. ఉల్లిపాయ లేదు, కొత్తిమీర కట్ట లేదు. లారీ డ్రైవర్లు, గోదాము మనుషులు పని మానేశారు. బయట ఎండలో పనివాళ్ళు అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డారు. "మా యజమానిని మాకు ఇవ్వండి" అని. ఒక పెద్దావిడ ఛాతీ మీద పేరుబిళ్ళ ఉంది, దాని మీద ఆవిడ అక్కడ ఎన్నేళ్ళుగా పనిచేస్తోందో రాసి ఉంది. అక్కడ అందరికీ అలాంటి బిళ్ళలే. వాళ్ళకి యూనియన్ కూడా లేదు. జీతం పెంచమని కాదు, తీసేసిన యజమానిని తిరిగి తెమ్మని ఉద్యోగాలు పణంగా పెట్టారు. నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాల్లో అలాంటిది ఎక్కడా చదవలేదు.

కొనేవాళ్ళు కూడా కొట్టులోకి వెళ్ళడం మానేశారు. వేరే కొట్లలో ఎక్కువ ధరకి కొని, ఆ బిల్లులు తెచ్చి మార్కెట్ బాస్కెట్ అద్దాలకి అంటించారు. మీరు ఆయన్ని తేకపోతే మా డబ్బు ఇదిగో ఇలా బయటికి పోతోంది అని చెప్పడం అన్నమాట. మా అమ్మాయి కూడా ఒక బిల్లు అంటించింది. అప్పుడు ఆ గొలుసుకి డెబ్బై ఒక్క దుకాణాలు, ఇరవై ఐదు వేల మంది పనివాళ్ళు. ముందుండి నడిపిన ఎనిమిది మందిని ఉద్యోగాల్లోంచి తీసేసినా మిగతావాళ్ళు వెనక్కి తగ్గలేదు. చివరికి మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రెండు రాష్ట్రాల గవర్నర్లు మధ్యలోకి వచ్చారు. ఆగస్టు 27 రాత్రి ఒప్పందం కుదిరింది. ఎదటి కుటుంబం 50.5 శాతం వాటాని ఆర్థర్ టీ. వైపు వాళ్ళు కొనుక్కున్నారు. నూట యాభై కోట్ల డాలర్లకు పైగా, అందులో ఎక్కువ భాగం అప్పు తెచ్చి. తెల్లారేసరికి పనివాళ్ళు షెల్ఫులు సర్దుతున్నారు. నేను వెళ్ళి చూశాను. ఏడుస్తూ సర్దుతున్నారు.

ఇండియా వచ్చాక రెండు మూడేళ్ళు ఈ కథ ఎక్కడికి వెళ్ళినా ఇక్కడితో ఆపి చెప్పేవాణ్ణి. ఖాతాదారుని నమ్ముకో, పనివాణ్ణి నమ్ముకో, వాళ్ళే నీ కొట్టుని కాపాడతారు అని. అది అబద్ధం కాదు. కానీ 2025 మే నెలలో మళ్ళీ వార్త వచ్చింది. బోర్డు ఆర్థర్ టీ.ని పని నుంచి పక్కన పెట్టింది. సెప్టెంబర్‌లో తీసేసింది. ఈసారి ఎదటివాళ్ళు పెదనాన్న పిల్లలో చిన్నాన్న పిల్లలో కారు. సొంత అప్పచెల్లెళ్ళు ముగ్గురు. 2014లో ఆయన కోసం కలిసి కొన్నవాళ్ళే. సగానికి పైగా వాటా ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉంది. ఆయన తర్వాత ఎవరు నడపాలి, ఆయన పిల్లలా, ఇంకెవరైనానా, అన్నది తగువులో పెద్ద భాగం.

చూశారా, ఇరవై ఐదు వేల మంది పనివాళ్ళ ప్రేమ, లక్షల మంది ఖాతాదారుల ప్రేమ ఉన్నా, ఇంట్లో తేలని లెక్కని బయటివాళ్ళు తేల్చలేకపోయారు. 1971లో పడిన ముడి 2014లో విప్పాం అనుకుంటే, 2025లో ఇంకో చోట బిగిసింది.

ఇప్పుడు మన సంగతి. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామందికి రెండు మూడు షాపులు ఉన్నాయి. విజయనగరంలో ఒకటి, బొబ్బిలిలో ఒకటి, రాజాంలో ఒకటి. పిల్లలు ఏసీ పెట్టించి, ట్రాలీలు పెట్టి, బిల్లింగ్ మెషీన్లు పెట్టి సూపర్ మార్కెట్లు చేశారు. చాలా సంతోషం. ఖాతాదారు రెండు రూపాయల చిల్లర అడిగితే బిల్లు తీసి చూపించగలరు మీరు. మీ తమ్ముడు అడిగితే చూపించగలరా?

భాగస్వామ్య చట్టం 1932 నాటిది. అందులో 42వ సెక్షన్ ఒకసారి చదవండి. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఒక భాగస్తుడు చనిపోయిన రోజునే ఫర్మ్ రద్దవుతుంది. మర్నాడు పొద్దున్న మీరు షట్టరు ఎత్తుతారు, గల్లాపెట్టె తెరుస్తారు, కానీ చట్టం దృష్టిలో ఆ ఫర్మ్ లేదు. ఇంకో చిక్కుంది. భాగస్తులు ఇద్దరే అయితే, డీడ్‌లో, అంటే భాగస్వామ్య పత్రంలో, ఫర్మ్ కొనసాగుతుంది అని రాసుకున్నా లాభం లేదు. ఒక్క మనిషితో భాగస్వామ్యం ఉండదు కదా. మన దగ్గర ఎక్కువ ఫర్ములు ఇద్దరన్నదమ్ములవే. కాబట్టి మూడో మనిషిని ఇప్పుడే చేర్చుకోండి. పెద్ద కొడుకైనా సరే, తమ్ముడి భార్య అయినా సరే. తమ్ముడి భార్య అంటే కొందరు తలలు తిప్పుతున్నారు. నేను అన్నది ఆలోచించే అన్నాను. మా పిన్ని పేరు ఆ కొట్టు కాగితంలో ఉండి ఉంటే, మా నాన్న మూడు రాత్రులు చిట్టాలు తిరగేసే అవసరమే వచ్చేది కాదు.

ఫర్మ్ రిజిస్టర్ చేయించండి. చట్టం తప్పనిసరి అనలేదు, కానీ చేయించకపోతే రేపు బాకీ కోసం బయటివాడి మీద దావా వేసే హక్కు ఉండదు, 69వ సెక్షన్ అది.

ఆడపిల్లల మాట. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ గారి ప్రభుత్వం 1986లోనే ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళతో సహా, వచ్చింది. ఉమ్మడి సొమ్ముతో పెట్టిన షాపయితే అందులో మీ అమ్మాయికీ మాట ఉంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంది, పసుపు కుంకుమలు ఇచ్చాం కదా, దానికి ఇవన్నీ ఎందుకు అనుకోకండి. తను అడగదు, నిజమే. మా పిన్ని కూడా ఏడేళ్ళు అడగలేదు.

కొంచెం కష్టమైన మాట ఇంకొకటి. ఇది రాసుకుందాం అని ఎవరు మొదలుపెట్టాలి? తమ్ముడు అడిగితే అనుమానం అంటారు. మరదలు అడిగితే ఇల్లు విడదీస్తోంది అంటారు. అందుకని అన్నయ్యే అడగాలి. ఎవరి పేరున ఎక్కువ ఉందో వాళ్ళే అడగాలి. నలుగురూ నవ్వుతూ భోంచేస్తున్న రోజునే అడగాలి. మా నాన్న ఆ పద్దు రాసిన రోజున, పెన్ను చేతిలో ఉన్నప్పుడు, ఇంకో రెండు మాటలు రాసి ఉంటే చాలు. "తమ్ముడి భార్య గాజుల మీద ఇంత, చీటీ డబ్బు ఇంత." తమ్ముణ్ణి నమ్మలేదని ఎవరూ అనుకునేవారు కాదు. అనుకున్నా ఒక పూట బాధ.

నా దగ్గర ఉన్నది అంతే. అద్దె ఎలా లెక్కకట్టాలి, షాపులో కూర్చునేవాడికి జీతం వేరుగా రాయాలా వద్దా, ఇవి ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి, ఇప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. భాగస్వామ్య పత్రం నమూనా ఒకటి తెలుగులో రాయించి, ఆడిటర్ గారికి చూపించి తెచ్చాను. వెనక బల్ల మీద కాపీలున్నాయి. దాని పక్కనే మా నాన్న చిట్టాలో ఆ పేజీ జిరాక్స్ కూడా పెట్టాను. మా తమ్ముడే చేయించి ఇచ్చాడు, అదిగో, ఆ చివర కూర్చున్నాడు. పత్రం గురించి నన్ను అడగండి. పద్దు గురించి వాణ్ణి అడగండి.